దుకమ్ నుంచి సలాలా బస్సు: కిడ్నీలో రాయి ఉన్నోడు నీళ్లు తాగాలా, ఆపుకోవాలా?

మెట్‌పల్లి పైప్‌ఫిట్టర్ (ప్రశ్న)

అందరికీ నమస్తే. మాది మెట్‌పల్లి పక్కన ఒక పల్లె. పద్నాలుగేళ్ల నుంచి గల్ఫ్‌లో పైప్‌ఫిట్టర్‌ను. ముందు దుబాయ్, ఇప్పుడు ఐదేళ్లుగా ఒమాన్‌లో దుకమ్. బతుకమ్మ, దసరా చూసుకుని పోదామని లీవు మీద ఇంటికొచ్చాను. వచ్చే నెల మళ్లీ పోవాలి. దిగిన వారంలోపే కంపెనీ బస్సులో సలాలా సైటుకు పంపిస్తామని మొన్న మెసేజ్ వచ్చింది. అప్పటి నుంచి నిద్ర సరిగా లేదు. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగైతది, ఓపిక పట్టండి.

ఆ దారి తెలియనివాళ్ల కోసం ముందు ఇది. దుకమ్ ఒమాన్‌కు నడుమన, అరేబియా సముద్రం ఒడ్డున ఉంటుంది. పోర్టు, రిఫైనరీ, వాటి చుట్టూ మా క్యాంపులు. సలాలా కింద దక్షిణాన, యెమెన్ వైపు. మస్కట్ నుంచి సలాలాకు పోయే పెద్ద రోడ్డు హైమా మీదుగా ఎడారి లోపలి నుంచి పోతుంది. మా బస్సు మాత్రం ఒడ్డు వెంబడే పోతుంది. దారిలో అల్ జాజిర్ దగ్గర, షలీమ్ దగ్గర మా కంపెనీ మనుషులను దించాలి, ఎక్కించుకోవాలి. ఆరు వందల కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఎడమ పక్కన సముద్రం, కుడి పక్కన రాళ్లు, ఇసుక, అక్కడక్కడ ఒంటెలు. చెట్టన్న మాట లేదు. నడుమ ఊర్లంటే చేపలు పట్టేవాళ్ల నాలుగు ఇళ్లు, ఒక మసీదు, ఉంటే ఒక పెట్రోల్ పంపు.

మొన్న జులైలో ఇదే దారిలో పోయాం. ముప్పై ఎనిమిది మందిమి. బస్సులో టాయిలెట్ లేదు. ముందురోజు రాత్రి క్యాంపు బాస్ వచ్చి "నీళ్లు తక్కువ తాగండి, బస్సు మాటిమాటికీ ఆగదు" అని అందరికీ చెప్పి పోయాడు. నేను మాట వినే మనిషిని. రాత్రి తొమ్మిదికి అన్నంతో తాగిన గ్లాసే ఆఖరు. పొద్దున నాలుగింటికి బస్సెక్కేముందు చాయ్ తాగాను, అంతే.

దాహం కూడా వేయలేదు, అదే మోసం. దుకమ్‌లో జులై అంటే మస్కట్ లాగా మాడిపోయే ఎండ ఉండదు. నైరుతి గాలి ఒడ్డు పక్కనుంచి వీస్తూ పైనీళ్లను సముద్రం లోపలికి నెట్టేస్తుందట, అడుగునున్న చల్లటి నీళ్లు పైకొస్తాయట. మా సైట్ ఇంజినీరు చెప్పాడు. అందుకే అక్కడ వేసవిలో కూడా గాలి చల్లగా కొడుతుంది. చెమట పట్టినా పట్టినట్టు తెలియదు, గాలికే ఆరిపోతుంది. దాని మీద బస్సులో ఏసీ. మన దగ్గర నాట్లకు వాన తెచ్చే గాలి కూడా ఇదే. సలాలా వాళ్లు ఆ మూడు నెలలను ఖరీఫ్ అంటారు. మన ఆఫీసు కాగితాల్లో వానాకాలం పంటను ఖరీఫ్ అంటారు కదా, అదే మాట. మొదటిసారి విన్నప్పుడు నాకు మస్తు సంతోషమైంది, అరబ్బులు కూడా వరి వేస్తున్నారేమో అనుకున్నాను.

అల్ జాజిర్ దాటిన తర్వాత ఎడమ పక్క నడుములో మొదలైంది. ముందు సీటు పడక అనుకుని అటు ఇటు జరిగాను. పది నిమిషాల్లో అది నడుము నుంచి ముందుకు, కిందికి, గజ్జల దాకా పాకింది. కూర్చుంటే నొప్పి, లేస్తే నొప్పి, వంగితే నొప్పి. నొప్పి అంటే దెబ్బ తగిలిన నొప్పి కాదు. తడిబట్ట పిండినట్టు లోపల ఎవరో పిండుతున్నారు, వదులుతున్నారు, మళ్లీ పిండుతున్నారు. చొక్కా తడిసిపోయింది. సబ్బులు తెచ్చిన పాలిథిన్ కవరుంటే అందులో వాంతి చేసుకున్నాను. కడుపులో ఏముంది, ఆ చాయే.

పక్క సీట్లో సిల్హెట్ వైపు బంగ్లాదేశీ ముసలాయన. ఆయన హిందీ అంతంతే, నాది అంతకన్నా అంతంతే. వీపు మీద చెయ్యి పెట్టి ఒక్క మాటన్నాడు, "పథరీ." నాకు అర్థం కాలేదు. పిడికిలి బిగించి నడుము మీద పెట్టి, చిటికెన వేలి గోరు కొన చూపించి, "పథ్థర్, పథ్థర్" అన్నాడు. ఆయనకు రెండుసార్లు వచ్చిందట. డాక్టర్ కన్నా ముందు నాకు రోగం పేరు చెప్పింది ఆ మనిషే.

అప్పుడు బస్సు ఆపమని అడగొచ్చు కదా అంటారు. అడగలేదు. గంటన్నర ఓర్చుకున్నాను. ముప్పై ఏడు మంది నా వల్ల ఆగాలా అని సిగ్గు. ఆఖరుకు ఆ ముసలాయనే లేచి డ్రైవర్ దగ్గరికి పోయి అరిచి ఆపించాడు. దిగితే గాలి ఎట్లుందంటే నిలబడనివ్వదు. సముద్రం వైపు తిరిగితే అంతా మన మీదికే వస్తుంది. వెనక్కి తిరిగితే బస్సు అద్దాల్లోంచి అందరూ చూస్తున్నారు. వచ్చింది నాలుగు చుక్కలు, డికాషన్ రంగులో, చివర్లో ఎరుపు. దాన్ని చూసి భయం ఎక్కువైంది.

షువైమియా నుంచి హాసిక్ దాకా దారి కొండను తొలిచి వేశారు. ఒక పక్క గోడలా రాయి, ఇంకో పక్క చాలా కింద నీళ్లు, ఎక్కుడు దిగుడు మలుపులు. యూట్యూబ్‌లో జనం ఆ రోడ్డును చూసి ఎంత బాగుందో అంటారు. నేను ముందు సీటు రెగ్జిన్‌కు నుదురు ఆనించి, ఆ రెగ్జిన్ కుట్టులో ఊడిన దారాన్ని చూస్తూ దాటాను. సముద్రం ఏ రంగులో ఉందో నాకు తెలియదు. తాఖా దాటాక మబ్బు, సన్న తుంపర, కొండల మీద పచ్చగడ్డి కనిపించింది. మా వాళ్లంతా కేకలేస్తూ ఫోన్లు తీశారు. నేను గడ్డి చూసి ఏడ్చాను. నొప్పికో, ఊరు గుర్తొచ్చో.

సలాలాలో ఇంజెక్షన్ ఇచ్చారు, స్కాన్ తీశారు. మూత్రం గొట్టం అడుగున 4 ఎమ్ఎమ్ రాయి. మూడో రోజు పొద్దున మగ్గులో టిక్కుమని పడింది. నువ్వు గింజకన్నా కొంచెం పెద్దది, ముళ్లు ముళ్లుగా ఉంది. ఇంతదానికా అనిపించింది. కానీ ఎడమ కిడ్నీ కింది భాగంలో ఇంకోటి 6 ఎమ్ఎమ్ ఉందన్నారు. మొన్న కరీంనగర్‌లో మళ్లీ తీయించాను, అదీ అక్కడే, అంతే ఉంది. ఇప్పటికి నొప్పి లేదు కాబట్టి నీళ్లు తాగుతూ చూద్దాం అన్నాడు డాక్టర్.

ఇగ నా ప్రశ్న. మళ్లీ అదే బస్సు, అదే పదకొండు గంటలు. నీళ్లు తాగితే ఎక్కడ పోసుకోవాలి? తాగకపోతే రాయి. తెలిసినవాళ్లు చెప్పండి. రాయికి మంచిదని అమ్మ కొండపిండి ఆకు ఎండబెట్టి పొడి చేసి పెడతానంటోంది, తీసుకుపోవచ్చా?

స్టీరింగ్ అన్న, జగిత్యాల

తమ్మీ, నేను ఇక్కడ ఆర్టీసీలో హైర్ బస్సు నడిపాను, తర్వాత ఒమాన్‌లో, సౌదీలో కలిపి తొమ్మిదేళ్లు కంపెనీ బస్సులు నడిపాను. డ్రైవర్ సీటులోంచి చెప్తా విను.

నువ్వు అనుకున్నట్టు డ్రైవర్‌కు ఆపడం బరువు కాదు. ఎక్కడ పడితే అక్కడ ఆపడం బరువు. ఆ ఒడ్డు రోడ్ల మీద గాలికి ఇసుక కొట్టుకొచ్చి తారు మీద పేరుకుంటుంది, పక్కకు దింపితే టైరు కూరుకుపోతుంది. హాసిక్ వైపు కొండ రోడ్డులో మలుపు దగ్గర ఆపితే వెనకొచ్చే ట్యాంకర్ మనల్ని చూసేసరికి మన మీదే ఉంటాడు. ఖరీఫ్‌లో సలాలా దగ్గర పొగమంచు పడితే పది అడుగుల దూరంలో ఒంటె ఉన్నా కనబడదు. వెనక నుంచి ఒకడు "రోకో రోకో" అని అరిస్తే అందుకే డ్రైవర్ చిరాకు పడతాడు. మంట నీ మీద కాదు, ఆ చోటు మీద.

అందుకే బస్సు కదలకముందు పోయి మాట్లాడు. పొద్దున నాలుగింటికి డ్రైవర్ చాయ్ తాగుతుంటాడు చూడు, అప్పుడు. "భాయ్, నాకు పథరీ ఉంది, రెండు గంటలకోసారి దిగాలి, ఎక్కడ ఆపుతావో నువ్వే చెప్పు" అను. ఎక్కడ ఆపాలో వాణ్నే అడిగితే పని అయిపోయినట్టే. ఏ డ్రైవర్‌కైనా వాడి జాగాలు వాడికుంటాయి. నా జాగాలన్నీ మసీదులే. పెట్రోల్ పంపు మూసి ఉండొచ్చు, టాయిలెట్‌కు తాళం వేసి ఉండొచ్చు. రోడ్డు పక్క మసీదులో వజూ చేసుకునే చోట, అంటే నమాజుకు ముందు కాళ్లు చేతులు కడుక్కునే చోట నీళ్లు, పక్కనే టాయిలెట్లు ఉంటాయి, ప్రయాణికులను ఎవరూ ఏమీ అనరు. నమాజు టైముకు ఎట్లాగూ సగం బస్సు దిగుతుంది. ఆ టైములు రాసి పెట్టుకో, నీకు వేరే బతిమాలుకునే పని లేదు. చెప్పులు బయట విడిచి, నేల తడి చేయకుండా రా, అంతే.

ముందు నుంచి రెండో వరుసలో, తలుపు వైపు కూర్చో. ఆఖరు సీట్లలో కుదుపు ఎక్కువ, పైగా అక్కడి నుంచి నడిచి ముందుకు రావాలంటేనే సగం మందికి సిగ్గు. నువ్వు గంటన్నర ఓర్చుకున్నావు చూడు, ఎన్నో వరుసలో కూర్చున్నావో నేను చెప్తా. ఆఖరు నుంచి రెండోది. అవునా?

ఇంకోటి. ముప్పై ఎనిమిది మందిలో నీళ్లు మానేసి కూర్చున్నోడివి నువ్వొక్కడివే కాదు. నేను ఆపినప్పుడల్లా "నాకు అవసరం లేదు" అన్నోళ్లే ముందు దిగి గోడ చాటుకు ఉరికేవాళ్లు.

ఓరుగల్లు కుర్రాడు

అన్నా రెండు బీర్లు కొట్టు, రాయి కొట్టుకుపోతది. మా బావకు పోయింది.

డ్యూటీ నర్సు, హన్మకొండ

పైన బీరు సలహా ఇచ్చిన తమ్ముడికి ముందు. బీరుతో మూత్రం ఎక్కువ వస్తుంది నిజమే, కానీ తర్వాత ఒంట్లో నీళ్లు తగ్గిపోతాయి. మీ బావ రాయి ఎట్లాగూ పడేదే, పేరు బీరుకొచ్చింది. బస్సులో పోయే మనిషికి ఈ సలహా ఇవ్వకండి.

అన్నా, నేను వార్డులో ఇరవై ఏళ్లుగా పని చేస్తున్నాను. మన దగ్గర ఎండాకాలం దాటేసరికి ఈ నొప్పితో వచ్చేవాళ్లు వరుస కడతారు. హమాలీలు, మేస్త్రీలు, ఆటో డ్రైవర్లు, ఈ మధ్య గల్ఫ్ నుంచి లీవు మీద వచ్చినవాళ్లు. అందరూ ఒకటే చెప్తారు, "పనిలో నీళ్లు తాగడం కుదరలేదు సిస్టర్." నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది, అందులో కరిగి ఉండాల్సిన క్యాల్షియం, ఆక్సలేట్ లాంటివి గడ్డకడతాయి. చక్కెర పాకం ఎక్కువ మరిగిస్తే అడుగున పలుకులు కడుతుంది కదా, అట్లాగే. కాబట్టి మీ ప్రశ్నకు జవాబు ఒక్కటే: తాగాలి. ఎట్లా తాగాలన్నదే మాట్లాడుకుందాం.

రోజుకు రెండు, రెండున్నర లీటర్ల మూత్రం బయటికి రావాలి. అంటే తాగేది అంతకన్నా ఎక్కువ ఉండాలి. బస్సు ఉన్న రోజు ఒక్కసారే లీటరు దించితే గంటలో మీరు చెప్పిన కష్టమే. గంటకు ఒక చిన్న గ్లాసు, గుక్క గుక్కగా. ముందురోజు పగలంతా బాగా తాగండి, రాత్రి పడుకునేముందు ఒక గ్లాసు, మధ్యలో లేస్తే ఇంకొకటి. దిగిన తర్వాత మళ్లీ బాగా తాగండి. ఆ పదకొండు గంటల్లో కొంచెం తగ్గినా, ముందూ వెనకా సరిచేసుకుంటే ఫరవాలేదు. గుర్తు ఏమిటంటే రంగు. ఎండుగడ్డి రంగులో లేతగా ఉంటే సరే. చాయ్ రంగుకొస్తే ఆలస్యం చేశారని అర్థం.

ఒక మాట సిగ్గు పడకుండా వినండి. వెడల్పు మూతి, గట్టి మూత ఉన్న లీటరు సీసా ఒకటి, ఒక పాత లుంగీ సంచిలో పెట్టుకోండి. మా పేషెంట్లకు మేం రోజూ ఇచ్చేదే. బస్సు ఆగలేని కొండ దారిలో అది పనికొస్తుంది. పెట్టుకుంటే చాలు, వాడే అవసరం రాకపోవచ్చు. ఉందన్న ధైర్యానికే నీళ్లు తాగుతారు.

నొప్పి మాత్ర సంగతి. డైక్లోఫెనాక్ లాంటివి ఈ నొప్పికి బాగా పని చేస్తాయి, కానీ ఒంట్లో నీళ్లు ఎండిపోయి ఉన్నప్పుడు, వాంతులవుతున్నప్పుడు వాటిని వరుసగా మింగితే కిడ్నీకే దెబ్బ. బీపీ, షుగర్, కడుపులో పుండు ఏదైనా ఉంటే ముందే డాక్టర్‌కు చెప్పండి. ఎన్ని వేసుకోవచ్చో చీటీ మీద రాయించుకోండి. రాయి జారడానికి ట్యామ్సులోసిన్ అని ఇంకో మాత్ర ఇస్తారు కొందరికి. అది వేసుకుని సీట్లోంచి ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయి, బస్సు మెట్ల మీద జాగ్రత్త. ట్రమడాల్ ఉన్న మాత్రలు మాత్రం ఇక్కడి షాపులో కొనుక్కుని సంచిలో వేసుకోకండి. గల్ఫ్ దేశాల్లో అది కంట్రోల్‌లో ఉన్న మందు, ఎయిర్‌పోర్టులో దొరికితే నొప్పికన్నా పెద్ద సమస్య. ఏ మందైనా దాని అసలు అట్టలోనే, డాక్టర్ చీటీతో, ఇంగ్లిష్‌లో మందు పేరు కనబడేట్టు పెట్టుకోండి.

ఇది మాత్రం ఓర్చుకునే సంగతి కాదు: నొప్పితో పాటు చలి జ్వరం వస్తే, మూత్రం అసలే రాకపోతే, నీళ్లు కూడా కడుపులో నిలవకపోతే. రాయి అడ్డం పడి వెనక చీము పట్టిందంటే గంటల్లో మనిషి మీదికి వస్తుంది. అప్పుడు బస్సు సలాలా దాకా పోనివ్వద్దు, దగ్గర్లో ఏ హెల్త్ సెంటర్ ఉంటే అక్కడ దింపమనండి. ఒమాన్‌లో 9999కి ఫోన్ చేయాలి. ఆ నంబరు మీ ఫోన్‌లో కాదు, పక్క సీటాయనకు చెప్పి పెట్టండి. నొప్పిలో మీరు ఫోన్ తీయలేరు.

కొండపిండి మా అమ్మమ్మ కూడా పప్పులో వేసేది. కూరగా తినండి, తప్పు లేదు. దాని మీదే భరోసా పెట్టుకుని నీళ్లు, స్కాన్ మానేయకండి. పొడి పొట్లం కట్టి విమానంలో తీసుకుపోవద్దు. ఎండిన ఆకుపచ్చ పొడి చూస్తే కస్టమ్స్ వాడికి కొండపిండి గుర్తురాదు. అసలు ఆ 6 ఎమ్ఎమ్‌ది లీవు అయ్యేలోపే ఇంకో యూరాలజిస్ట్‌కు చూపించి, పోయేముందు తీయించుకోవడం మంచిదా అని నేరుగా అడగండి. 5 ఎమ్ఎమ్ లోపువి చాలామందికి వాటంతటవే పడిపోతాయి. అది దాటితే అంత గ్యారంటీ లేదు.

మెట్‌పల్లి పైప్‌ఫిట్టర్

స్టీరింగ్ అన్నా, ఆఖరు నుంచి రెండో వరుసే. మీరు ఆ బస్సులో ఉన్నారా ఏంది?

సిస్టర్, సీసా సంగతి మా ఆవిడ చదివి నవ్వింది, తర్వాత గమ్మున పోయి ఒకటి కడిగి పెట్టింది. బీపీ లేదు, షుగర్ లేదు. తొక్కు లేకుండా ముద్ద దిగదు, అది మానేయాలా? క్యాల్షియం రాళ్లు కదా, పాలు, పెరుగు ఆపేయమంటున్నారు ఊర్లో.

డ్యూటీ నర్సు, హన్మకొండ

పెరుగు, మజ్జిగ ఆపకండి. అన్నంతో పాటు తిన్న క్యాల్షియం ఆక్సలేట్‌ను పేగులోనే పట్టుకుంటుంది, కిడ్నీ దాకా పోనివ్వదు. ఆపితేనే రాళ్లు పెరుగుతాయి. తగ్గించాల్సింది ఉప్పు. అంటే తొక్కే. పూర్తిగా మానేయమనను, మీరు మానేయరు కూడా. ముద్ద ముద్దకూ కాకుండా ఆఖరు ముద్దకు పెట్టుకోండి. పాలకూర, పల్లీలు రోజూ వద్దు. నిమ్మకాయ నీళ్లు మంచివి, ఉప్పు వేయకుండా.

ఆర్మూర్ అక్క

మా ఆయనది దోహా. రాయి కాదు గానీ ఆయనకు షుగర్, మూత్రం మాటిమాటికీ. సైటుకు రెండు గంటల బస్సు. ఆయన కూడా ఇట్లాగే నీళ్లు మానేసి ఒకరోజు కళ్లు తిరిగి పడ్డాడు. ఫోన్‌లో ఎప్పుడడిగినా "బాగున్నా" అనేవాడు. మూడు నెలల తర్వాత ఆయన రూమ్మేట్ భార్య చెప్తే నాకు తెలిసింది. మీరు ఇదంతా ఇక్కడ రాసినందుకు సంతోషం తమ్ముడూ, కానీ మీ ఇంట్లో జులైలోనే చెప్పారా?

ఇంకో సంగతి. సిస్టర్ పొడి గురించి చెప్పింది కాబట్టి గుర్తొచ్చింది. అమ్మ మసాలా కట్టిస్తే అందులో గసాలు ఉన్నాయేమో చూసుకోండి. సౌదీలో, దుబాయ్‌లో గసాలు పట్టుకుంటారు, మన దగ్గర కోడికూరలో వేసుకునేవే. మా మరిది విమానం ఎక్కే రాత్రి మేం డబ్బా మొత్తం పళ్లెంలో పోసి వెతికాం.

మెట్‌పల్లి పైప్‌ఫిట్టర్

అక్కా, చెప్పలేదు. ఇంటికొచ్చాక మా ఆవిడ స్కాన్ కాగితం సంచిలో చూసింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు "నువ్వు బస్సులో పడి ఉంటే నాకు ఎవరు చెప్తారు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ బంగ్లా ముసలాయన నంబరు ఉంటే ఇమ్మంది. ఇచ్చాను. ఇద్దరూ ఏ భాషలో మాట్లాడుకుంటారో తెలియదు. నిన్న ఆయన వాట్సాప్‌లో గులాబీ పువ్వు బొమ్మ పంపాడు, ఈమె బతుకమ్మ ఫొటో పంపింది.

అందరికీ ఇప్పటిదాకా జరిగింది చెప్తాను. కరీంనగర్‌లో ఇంకో డాక్టర్‌ను కలిశాను. 6 ఎమ్ఎమ్ అయినా కిడ్నీ కింది గదిలో కదలకుండా ఉంది, ఇప్పుడు ముట్టుకోకపోయినా ఫరవాలేదు, ఆరు నెలలకు మళ్లీ స్కాన్ తీద్దాం అన్నాడు. చీటీ ఇంగ్లిష్‌లో రాయించుకున్నాను. క్యాంపు బాస్‌కు ఫోన్ చేసి ముందు సీటు కావాలన్నాను. వాడు "నీళ్లు తక్కువ తాగు" అని మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి తాగుతాను సార్, మీరు మసీదుల దగ్గర ఆపించండి అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత వాడే, తనకూ రాయి ఉందని, పోయిన ఏడాది పడిందని చెప్పాడు. నాకు కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు.

అమ్మ గునుగు పువ్వు కోసం చెల్కలోకి పోయినప్పుడల్లా కొండపిండి కూడా తెస్తోంది. పొడి చేయొద్దన్నాను కాబట్టి రోజూ పప్పే. ఉన్నన్ని రోజులూ తిని పోవాలట.

ఇక మా ఆవిడ. ఆమె బీడీలు చేస్తుంది, పెళ్లికి ముందు నుంచీ. నిన్న రాత్రి చాటలో తంబాకు, ఆకు పక్కన పెట్టి, నా రెండు లీటర్ల నీళ్ల సీసా తీసుకుంది. బీడీలకు చుట్టే దారం తీసి సీసా చుట్టూ అడ్డంగా కట్టింది. పై నుంచి ఒకటి, దాని కింద ఇంకొకటి, అట్లా ఐదు వరుసలు. బీడీకి వేసినట్టే రెండు చుట్లు, ఒక ముడి, చివర గోటితో తెంపడం. మొదటి దారం అల్ జాజిర్ వచ్చేసరికి దిగాలట, రెండోది షలీమ్‌కు, మూడోది కొండ ఎక్కేముందు. ఊర్ల పేర్లన్నీ నన్ను అడిగి చిన్న కాగితం మీద రాసుకుంది. ఆమె ఆ సముద్రం ఎన్నడూ చూడలేదు.

స్టీరింగ్ అన్నా, షువైమియా దాటాక హాసిక్ దాకా నడుమ ఎక్కడైనా మసీదు ఉందా? నాలుగో దారం ఎక్కడ కట్టాలో ఆమెకు తేలడం లేదు.

స్టీరింగ్ అన్న, జగిత్యాల

ఆ కొండ మీద ఆగే ఆశ పెట్టుకోకు. షువైమియాలోనే దిగి పని చూసుకో, మళ్లీ హాసిక్‌లో. నాలుగో దారం హాసిక్‌కు కట్టమను. నడుమ అవసరమైతే సిస్టర్ చెప్పిన సీసా ఉంది కదా. ఈసారి కిటికీలోంచి బయటికి చూడు, దిగాక సముద్రం ఏ రంగులో ఉందో ఇక్కడ రాయి.